లేని కరెంటుకు లెక్క

ఊఁ మేస్త్రి పోయిన దగ్గర్నుంచి ఆయన షెడ్డులో బూడిదరంగు కారు బానెట్ ఎత్తింది ఎత్తినట్టే ఉంది. దించడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఆయనకా పేరు ఊరికే రాలేదు. ఎవరేం చెప్పినా "ఊఁ" అనేవాడు. పొగిడితే ఊఁ, తిడితే ఊఁ, రాత్రి ఆగిన గొడవని ఇంటావిడ తెల్లారి మళ్ళీ మొదలుపెడితే దానికీ ఊఁ. వినకుండానే ఊఁ కొడతాడని ఆవిడ జన్మంతా సణిగింది. ఇంట్లో సంగతేమో గాని, షెడ్డులో మాత్రం ఆ మాట చెల్లదు. ఆయన బానెట్ కింద తల దూర్చి తీగలు కదుపుతుంటే కొడుకు స్టీరింగు ముందు కూర్చుని స్కానర్ తెరమీద అంకెలు చదివేవాడు. చదివిన ప్రతి అంకెకీ ముందునుంచి ఒక ఊఁ వచ్చేది. అది వినపడితేనే తరవాతి అంకె. కుర్రాడు పరధ్యానంలో తప్పు చదివితే ఊఁ వచ్చేది కాదు. తెర చూడకుండానే, అంకె తప్పని ఆయనకెలా తెలిసేదో ఆయనకే తెలియాలి. మళ్ళీ సరిగ్గా చూసి చదివేదాకా ముందు వైపు నిశ్శబ్దంగా ఉండేది.

అలా అంకెల మధ్యలోనే ఒక మధ్యాహ్నం పోయాడు. గుండె ఆగిందన్నారు ఆస్పత్రిలో. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కుండ మూతికైతే మూకుడు పెట్టగలం గాని లోకం మూతికి పెట్టలేం కదా. పక్క షెడ్డులో మోటార్లకి తీగ చుట్టే వైండింగు మేస్త్రి, చుట్టీ చుట్టీ మాటలు చుట్టడం కూడా బాగా వచ్చినవాడు, వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పాడు. గుండె ఆగింది సరే, ఎందుకాగింది? లోపల కుర్రాడు స్టార్టు బటన్ నొక్కాడు, బయట పెద్దాయన ఒరిగాడు. కరెంటు బండితో చెలగాటమా మరి?

ఆ మాట కొడుకు చెవిన పడింది. పడాల్సిన పనే లేదు, అంతకుముందే అతను ఆ మాట తనకు తాను చెప్పుకున్నాడు. ఆ రోజునుంచి అతను ఏ మీటా నొక్కలేదు. దీపం వెయ్యడు, ఫ్యాను వెయ్యడు, లిఫ్టు ఎక్కడు. పొద్దుగూకితే గదిలో చీకట్లో అలాగే కూర్చుంటాడు. ఎవరైనా వచ్చి లైటు వేస్తే కళ్ళు చిట్లించి, వేసిన చేతివంక చూస్తాడు. మొదట్లో బంధువులు ఇంట్లో కరెంటు ఆదా అవుతోందని హాస్యమాడారు. తరవాత ఆ హాస్యం ఎవరికీ నోట రాలేదు. తిండి తగ్గింది, మాట తగ్గింది, మనిషే రోజురోజుకీ కొంచెం కొంచెం తగ్గిపోతున్నాడు.

అతనికో అక్క ఉంది. తండ్రి దగ్గరే స్పానరు పట్టడం నేర్చుకుని, ఇప్పుడు ఒక కంపెనీ సర్వీసు సెంటరులో ఇలాంటి బండ్లే చూస్తుంది. ఈ కథంతా ఆమెదే. తమ్ముడి నెత్తిన పడ్డ మాట అబద్ధమని ఆమె మనసు చెబుతోంది. కానీ మెకానిక్కు కూతురు కదా, మనసు చెప్పిందాన్ని మీటరుతో కొలిస్తే గాని నమ్మదు. కొలవడానికి వెళ్దామనుకున్న ప్రతిసారీ కాళ్ళు ఆ వీధి మొదట్లోనే బరువెక్కి వెనక్కి తిరిగేవి.

చివరికి బండి యజమాని ఫోన్ చేశాడు. ఆయన పళ్ళ డాక్టరు. జనం దవడల్లో ధైర్యంగా చేతులు పెట్టే ఆ మనిషి ఇక ఆ కారులో కూర్చోలేనన్నాడు. తుక్కుకి ఇచ్చేశాననీ, మర్నాడు పొద్దున లారీ వచ్చి లాక్కుపోతుందనీ చెప్పాడు. బండి పోతే నిజం కూడా దానితోపాటే తుక్కులో కలిసిపోతుంది. తమ్ముడు ఇక ఎప్పటికీ ఆ చీకటి గదిలోంచి బయటికి రాడు. చూసి రావాలంటే ఈ ఒక్క పూటే ఉంది. చూశాక వైండింగు మేస్త్రి చెప్పిందే నిజమని తేలితే? ఆ ప్రశ్నని ఆమె తనని తాను పూర్తిగా అడగనివ్వలేదు.

సెలవురోజు కావడంతో ఆ వరసలో షెడ్లన్నీ మూసి ఉన్నాయి. తమ్ముణ్ణి బతిమాలి, బెదిరించి, చివరికి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసింది. షట్టరు ఆమే ఎత్తింది. అతను గుమ్మం దాటకుండా బయటున్న పాత టైరు మీద కూర్చున్నాడు.

పైకప్పు రేకుల మధ్య అతికించిన పలచటి ప్లాస్టిక్ రేకులోంచి పసుప్పచ్చటి ఎండ సరిగ్గా బండి మీదే పడుతోంది. పట్టపగలే గాని, ఆ వెలుగులో బండి ఎవరినో పిలుస్తూ నోరు తెరిచి ఆగిపోయినట్టుంది. ఎడమ మడ్‌గార్డు మీద టీ గ్లాసు అలాగే ఉంది. ఖాళీగా, అడుగున నల్లటి వలయం ఎండిపోయి. ఆమె గ్లాసుని ముట్టుకోలేదు గాని దాన్ని చూసి కాస్త ఊపిరి పీల్చుకుంది.

ఈ బండ్ల సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. వీటిలో ఇంజనుతోపాటు మనిషిని చంపగల పెద్ద బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఇంజను తిరిగితే జెనరేటరు తిరిగి దానికి కరెంటు పోస్తుంది. ఎంత పోస్తోందో కనిపెట్టడానికి లావుపాటి తీగల చుట్టూ ఉంగరంలాంటి సెన్సార్లుంటాయి. తీగని తాకకుండానే అందులో పారే కరెంటుని లెక్కగట్టి, సన్నటి తీగమీదుగా బండి కంప్యూటరుకి కబురు పంపుతాయి. ఆ కబురు తేడాగా వస్తే కంప్యూటరు హడలిపోయి నడిరోడ్డు మీద బండిని ఆపేస్తుంది. డాక్టరు బండికి అదే జబ్బు. జెనరేటరు కరెంటు సెన్సార్ అని స్కానర్ చెప్పింది. సెన్సారే చెడిందా, దాని తీగా, లేక నిజంగానే కరెంటు తేడాగా పారుతోందా అన్నది తేల్చడానికే ఆ రోజు మేస్త్రి బానెట్ కింద ఆ లావు తీగలూ సెన్సార్లూ ఉండే ఇన్వర్టర్ పెట్టె మూత విప్పాడు.

మూత విప్పేముందు చెయ్యాల్సిందొకటుంది. డిక్కీలో బ్యాటరీ పక్కనుండే నారింజరంగు సేఫ్టీ ప్లగ్గు పీకాలి. పీకితే పెద్ద బ్యాటరీకీ బండికీ సంబంధం తెగిపోతుంది. పీకినవాడు దాన్ని తన జేబులోనే పెట్టుకోవాలి. బల్ల మీద పెట్టకూడదు, ఇంకొకడి చేతికి ఇవ్వకూడదు. పీకినవాడే మళ్ళీ పెట్టాలి. ఆ పైన లోపల మిగిలిన కరెంటు చల్లారేదాకా ఆగాలి. కంపెనీ పుస్తకంలో దానికి నిమిషాల లెక్క ఉంటుంది, మేస్త్రి లెక్క మాత్రం ఒక గ్లాసు టీ. ఊదుకుంటూ, చప్పరిస్తూ, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆయన దేన్నీ ముట్టుకోడు. అందుకే ఆ ఎండిన గ్లాసుని చూసి కూతురికి ఊపిరందింది. నాన్న ఆగాడు.

మరి ప్లగ్గు? తమ్ముడు చెప్పుకునేదీ, ఊరు చెప్పుకునేదీ ఒకటే. పనైపోయిందనుకుని మేస్త్రి ప్లగ్గు పెట్టేశాడు, ఇంకా చెయ్యి లోపలుండగానే కుర్రాడు బటన్ నొక్కాడు. ఆమె డిక్కీ తెరిచింది. ప్లగ్గు ఉండాల్సినచోట నల్లటి కన్నం. దగ్గరగా వంగి చూసింది, కన్నమే. కానీ ఆ తరవాత ఎవరైనా పీకి ఉండచ్చు కదా, ప్లగ్గు కోసం వెతికింది. బల్లమీద లేదు, గోడకి కొట్టిన మేకులమీద లేదు, బండి కింద లేదు. ముందుకొచ్చి ఇన్వర్టర్ లోపలికి వంగి చూసింది. సెన్సార్ సన్నతీగ ఒకటి క్లిప్పు విరిగి కిందికి వేలాడుతోంది. మనిషిని బయటికి లాగే కంగారులో ఎవరి చెయ్యో తగిలి ఉంటుందనుకుంది. దానిమీద ఆమె మనసు నిలవలేదు. మనసంతా డిక్కీలోని కన్నం దగ్గరే ఉంది.

అప్పుడు తట్టింది. తమ్ముణ్ణి కదలొద్దని చెప్పి ఇంటికి పరుగెత్తింది.

ఆస్పత్రివాళ్ళు మేస్త్రి బట్టలు ఒక సంచిలో పెట్టి ఇచ్చారు. ఆ సంచి అమ్మ బీరువాలో పై అరలో ఉంది. వేసిన ముడి వేసినట్టే ఉంది. ఉతకలేదు, విప్పలేదు. విప్పితే ఆయన ఒంటివాసన గాలికి పోతుందని ఆవిడ భయం. కూతురు సంచి అడిగితే మొదట బీరువాకి అడ్డంగా నిలబడింది. ఆ బండి తన మనిషిని మింగిందనీ, ఇప్పుడు పిల్లలిద్దరూ దాని నోట్లోకే వెళ్తున్నారనీ ఏడ్చింది. కూతురు అన్నీ విని, తమ్ముడి కోసమమ్మా అంది. ఆ ఒక్కమాటకి ఆవిడ పక్కకి జరిగింది.

"తియ్యి. తీసుకోవాల్సింది తీసుకుని వెంటనే ముడి వేసెయ్యి" అంది అమ్మ. ముడి విప్పగానే గ్రీజు వాసనా, చెమట వాసనా గుప్పుమన్నాయి. ఆవిడ కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చింది. కూతురు పనికోటు జేబులో చెయ్యి పెట్టింది. పిడికిలంత నారింజరంగు ప్లగ్గు చల్లగా చేతికి తగిలింది.

తిరిగొచ్చి దాన్ని తమ్ముడి అరచేతిలో పెట్టింది. నాన్న జేబులో ఉంది, ఇంత కాలమూ అక్కడే ఉంది, బండిలో చంపే కరెంటు లేనే లేదు, నువ్వు నొక్కినా ఒకటే నొక్కకపోయినా ఒకటే అని గబగబా చెప్పేసింది. ఏడుస్తాడనుకుంది, లేకపోతే నవ్వుతాడనుకుంది. అతను ప్లగ్గుని తిప్పి తిప్పి చూశాడు. మొహంలో ఉన్న కాస్త రక్తం కూడా ఇంకిపోయింది.

"అయితే ఆ అంకె ఎక్కడిదక్కా?"

ఆ రోజు చూసింది అతను మొదటిసారి చెప్పాడు. నాన్న బటన్ నొక్కమన్నాడు, నొక్కాడు. సున్నా చదివాడు, ఊఁ వచ్చింది. సున్నా, ఊఁ. ఉన్నట్టుండి ముప్పై ఒకటి. చదివాడు, ఊఁ రాలేదు. నలభై. రాలేదు. అరవైకి ఎక్కి అక్కడే నిలబడిపోయింది. చాలాసేపు అలాగే ఉండి, మళ్ళీ సున్నాకి దిగింది. తరవాత కిందికి దిగి చూస్తే నాన్న పడి ఉన్నాడు.

"నేను నొక్కినందుకు బండి కరెంటు నాన్నలోకి పోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ. బండిలో అసలు లేదంటున్నావు. మరి అక్కడున్నది నాన్న ఒక్కడే కదా" అన్నాడు. గొంతు బాగా తగ్గించి చెప్పాడు. "నాన్నలోంచే పోయిందక్కా. పోతుంటే అది లెక్కపెట్టింది."

మిట్ట మధ్యాహ్నం, ఎండ ఫెళ్ళున కాస్తుంటే, ఆమె వెన్నులో చలి పాకింది. పిచ్చి మాటలని కసురుదామనుకుంది. ముందు తనూ లెక్క వేసుకుంది. ప్లగ్గు లేదు, గ్లాసు ఖాళీ, లోపల ఏమీ లేదు. ఏమీ లేని చోట ఒక అంకె పుట్టి, ఎక్కి, నిలబడి, మనిషి పోయాక దిగిపోయింది. తమ్ముడికి ఉన్న భయం తీసేసి అంతకన్నా పెద్ద భయం చేతిలో పెట్టినట్టయింది.

ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు. ప్లగ్గుని తమ్ముడి చేతిలోంచి తీసుకుని తన జేబులో వేసుకుంది. దీపాలకీ కంప్యూటరుకీ కరెంటిచ్చే చిన్న బ్యాటరీ, మనిషినేమీ చెయ్యలేనిది, ఎప్పుడో చచ్చిపోయింది. దానికి ఛార్జరు తగిలించి, రబ్బరు గ్లౌజులు ఊది చిల్లుల్లేవని చూసి తొడుక్కుని, ఇన్వర్టరులో తీగల మధ్య మీటరు పెట్టింది. ఏమీ లేదు. మళ్ళీ పెట్టింది. రాయిలో ఎంతుంటుందో అందులోనూ అంతే ఉంది. అప్పుడు తమ్ముణ్ణి స్టీరింగు ముందు కూర్చోమంది.

అతను తలుపు తీశాడు. తీయగానే బండి లోపలెక్కడో ఒక మూలుగు బయలుదేరింది. సన్నగా మొదలై, గొంతు సవరించుకున్నట్టయి, ఆగిపోయింది. అతను చటుక్కున వెనక్కి జరిగాడు. బ్రేకు పంపు అది, తలుపు తీస్తే తిరుగుతుంది, నీకు తెలిసిందేగా అంది అక్క. తెలుసన్నాడు. తెలిసినంత మాత్రాన ఒళ్ళు జలదరించడం మానదు.

సీటులో కూర్చుని కూడా చాలాసేపు చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాడు. తరవాత, ప్లగ్గు తన దగ్గరే ఉండాలన్నాడు. పద్ధతి ప్రకారం అది లోపల చెయ్యి పెట్టేవాళ్ళ జేబులో ఉండాలి. అయినా అక్క మారుమాట్లాడకుండా ఇచ్చేసింది. అతను దాన్ని చొక్కా జేబులో పట్టక ప్యాంటు జేబులోకి కుక్కి, బయటినుంచి ఒక చేత్తో గట్టిగా నొక్కిపట్టుకుని, రెండో చేత్తో బటన్ నొక్కాడు. డాష్‌బోర్డు మీద దీపాలు వరసగా వెలిగాయి.

ముందునుంచి ఆమెకి అతను కనపడటం లేదు. మధ్యలో బానెట్ అడ్డం. ఎదురుచూసింది. అంకె రాలేదు. వినపడటం లేదంది.

"సున్నా" అన్నాడు.

"ఊఁ" అంది ఆమె. అలవాటుగా వచ్చేసింది. మేస్త్రి పోయాక ఆ షెడ్డులో వినపడ్డ మొదటి ఊఁ అది.

లావు తీగలు ఒక్కొక్కటే పట్టుకుని ఊపింది. సున్నా. కంప్యూటరుకి వెళ్ళే కనెక్టరు నొక్కి, వంచి చూసింది. సున్నా. స్క్రూడ్రైవరు పిడితో పెట్టెమీద తట్టింది. సున్నా. ప్రతి సున్నాకీ ఆమె ఊఁ అంటోంది గాని ఒక్కొక్కదానికీ ఆశ తగ్గుతోంది. సెన్సారు బాగానే ఉంది. బాగున్న సెన్సారు అబద్ధమాడదు. అబద్ధమాడకపోతే ఆ రోజు అక్కడ నిజంగానే ఏదో పారి ఉండాలి. తమ్ముడి మాట ఆమె చెవి పక్కనే ఎవరో చెబుతున్నట్టు మళ్ళీ వినపడింది. నాన్నలోంచే పోయింది. అసలీ బండి లారీ ఎక్కిపోయినా బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది.

అప్పుడు క్లిప్పు విరిగిన తీగ మీద మళ్ళీ కన్ను పడింది. ఇందాక ఎవరి చెయ్యో తగిలిందనుకుని వదిలేసిన తీగ. క్లిప్పు పక్కకి విరగలేదు. కిందికి విరిగింది. చెయ్యి తగిలితే అలా విరగదు, బరువు పడితే విరుగుతుంది. ఆమె గ్లౌజు తీసి, ఆ సన్నతీగని వట్టి వేళ్ళతో పట్టుకుని, మెల్లగా కిందికి లాగింది.

"ముప్పై ఒకటి" అన్నాడు తమ్ముడు.

పట్టుకున్నాననుకుంది ఆమె. దొంగ దొరికాడు. సెన్సారు మొదట్లో, తొడుగు లోపల, తీగ సగం తెగి ఉంది. లాగితే తప్పుడు కబురు, వదిలితే మంచి కబురు. నాన్న కూడా ఇదే వెతుకుతున్నాడు, ఇదే పట్టుకున్నాడు. ఆనందం పట్టలేక తమ్ముణ్ణి పిలిచింది. స్కానర్ తీగ పొడవుగా ఉంది, తెర పట్టుకుని దిగి ముందుకి రమ్మంది. వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ప్లగ్గు నీ జేబులో ఉంది. నా చేతికి గ్లౌజు లేదు. చూడు" అని తీగని ఇంకాస్త లాగింది. నలభై. ఇంకాస్త. అరవై. "నాలోంచి ఏమైనా పోతోందా? నేను బాగానే ఉన్నానా? ఇది కరెంటు కాదురా. తీగ మీద పడే బరువు. అంతే."

అతను తెర చూశాడు, ఆమె చేతిని చూశాడు, మళ్ళీ తెర చూశాడు. అంకె అరవై దగ్గర నిలబడి ఉంది. ఆమె పట్టుకున్నంతసేపూ నిలబడే ఉంది.

అప్పుడు అర్థమైంది ఆమెకి. చాలాసేపు అలాగే ఉందన్నాడు తమ్ముడు. తీగ దానంతటది బరువు మొయ్యదు. ఒరిగిపోతూ నాన్న చేతికందిన దాన్ని పట్టుకున్నాడు. అందింది ఈ తీగ. అంకె నిలబడినంతసేపూ నాన్న పట్టుకునే ఉన్నాడు. బానెట్‌కి ఇవతల ఆయన వేలాడుతుంటే అవతల కొడుకు కూర్చుని అంకె చదువుతున్నాడు. చెయ్యి వదిలితే తెరమీద ఏం వస్తుందో ఆమెకి తెలుసు. వదలలేకపోయింది. వేళ్ళు తెల్లబడి నొప్పెడుతున్నా ఆ సన్నతీగని అలాగే పట్టుకుని నిలబడింది. తమ్ముడు ఇది గమనించకుండా ఉంటే చాలని దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

"వదులక్కా" అన్నాడు అతను.

వదిలింది. సున్నా.

అతను తెరని మడ్‌గార్డు మీద, టీ గ్లాసు పక్కన పెట్టాడు. నేలమీద చతికిలపడ్డాడు. ఆమె కూడా పక్కన కూలబడింది. బానెట్ అడ్డంరా, నీకెలా కనపడుతుంది, నాన్నే కదా అంకె మీంచి చూపు తిప్పొద్దనేవాడు అని ఏదేదో చెప్పింది. అతను విన్నాడో లేదో తెలియలేదు.

"ఇంకోటుందక్కా. ఎవరికీ చెప్పలేదు." చేతులవంక చూసుకుంటూ అన్నాడు. "సున్నాకి దిగగానే నాకు సంబరమేసింది. జబ్బు దొరికిందనుకున్నా, బాగుచేసేశాడనుకున్నా. సరైపోయింది నాన్నా, సున్నా అని గట్టిగా అరిచాను."

ఆమె అతని వైపు తిరిగింది.

"ఊఁ అన్నాడు" అన్నాడు తమ్ముడు. "నిజం అక్కా. విన్నాను. ఊఁ అన్నాడు కాబట్టే నేను దిగలేదు. అలాగే కూర్చుని తరవాతి మాట కోసం చూస్తున్నాను."

షెడ్డులో ఎండ బండి మీంచి జరిగి గోడ మీదికి పాకింది. చెయ్యి జారాక ఒంట్లోంచి వచ్చే ఆఖరి గాలికి కూడా అలాంటి చప్పుడే ఉంటుందని ఆమె ఎప్పుడో విన్నది. అది ఊపిరో, ఊఁయో చెప్పే మీటరు లోకంలో లేదు. అది ఊపిరేనని అనెయ్యచ్చు. అంటే నిజమే అవుతుందేమో కూడా. కానీ ఆమె వేరే సంగతి అడిగింది.

"ముప్పై ఒకటికి ఊఁ అన్నాడా?"

"లేదు."

"నలభైకి? అరవైకి?"

"లేదక్కా. ఎన్నిసార్లు చదివినా అనలేదు."

"తప్పు అంకె చదివితే నాన్న ఏనాడైనా ఊఁ అన్నాడా?"

అతను తలెత్తి ఆమెని చూశాడు.

"అవన్నీ తప్పుడు అంకెలురా. ఆయనకి తెలుసు. అందుకే అనలేదు" అంది. చెప్పేదాకా ఆమెకీ ఆ సంగతి తట్టలేదు. "సున్నా ఒక్కటే నిజం. దానికి అన్నాడు. సరైపోయిందని నువ్వు చెప్పింది విని, ఊఁ అని, వెళ్ళాడు."

తమ్ముడు ఏడ్చాడు. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చి, భుజాలు ఎగిరెగిరిపడేలా ఏడ్చాడు. ఆమె ఆపలేదు. మేస్త్రి పోయిన రోజు తాను సర్వీసు సెంటరులో వేరే బండి కింద ఉంది, ఆయన ఆఖరి మాట వినే అదృష్టం తనకి లేదు. తమ్ముడి మీద మొదటిసారి కొంచెం అసూయ కలిగింది. సిగ్గుపడలేదు.

చాలాసేపటికి అతను లేచి మొహం తుడుచుకుని అల్మారా దగ్గరికి వెళ్ళాడు. నాన్న కొత్త సెన్సారు ముందే తెప్పించాడని చెప్పి పెట్టె తెచ్చి ఆమె చేతికిచ్చాడు. లారీ రేపొస్తే వచ్చిన దారినే పోతుందన్నాడు, డాక్టరుగారితో తనే మాట్లాడతానన్నాడు. బటన్ ఆపేసి, ఇద్దరూ కలిసి పాతది విప్పి కొత్తది బిగించారు. మూత వేశారు. ప్లగ్గు జేబులో ఉన్నవాడే పెట్టాలి కాబట్టి డిక్కీలోకి వంగి అతనే పెట్టాడు. పెట్టి, నొక్కి, పిడి వాల్చి, ఒకసారి లాగి చూసుకున్నాడు.

తరవాత సీటులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే బటన్ నొక్కాడు. ఆమె బానెట్ కింద, నాన్న నిలబడేచోట నిలబడింది. ఎండిపోయిన టీ గ్లాసు మోచేతి పక్కనే ఉంది.

"సున్నా" అన్నాడు తమ్ముడు లోపల్నుంచి. గట్టిగా, స్పష్టంగా చదివాడు.

ఆమె వెంటనే జవాబివ్వలేదు. చెవి రిక్కించి ఆగింది. అతను కూడా తరవాతి అంకె చదవకుండా ఆగాడు. రేకుల మీద గాలి కదిలింది, బండిలో ఎక్కడో పంపు ఒకసారి మూలిగి ఊరుకుంది. ఇంకేమీ వినపడలేదు.

"ఊఁ" అంది ఆమె అప్పుడు, బానెట్ కడ్డీ మీద చెయ్యి వేస్తూ.